అంకెలకు రంగులద్దిన మహనీయుడు డుబోయిస్



1946 జూలైలో డాక్టర్ బాబాసాహెబ్ అంబేద్కర్ అమెరికాలోని ఒక పెద్దాయనకు ఉత్తరం రాశారు. అక్కడి నల్లజాతి ప్రజలు తమ హక్కుల కోసం ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న వినతిపత్రం ప్రతులు తనకు పంపమని అందులో కోరారు. ఆ పెద్దాయన అదే నెలాఖరున జవాబు రాశారు. అంటరానివారి పోరాటం పట్ల తనకున్న సానుభూతిని తెలియజేశారు. అప్పటికి ఆయన వయసు 78 ఏళ్ళు. ఆయనే విలియం ఎడ్వర్డ్ బర్గార్ట్ డుబోయిస్.

ప్రపంచం డుబోయిస్‌ను గొప్ప రచయితగా, సామాజిక శాస్త్రవేత్తగా, హక్కుల నాయకుడిగా గుర్తుపెట్టుకుంది. నేను మాత్రం ఈ వ్యాసంలో ఆయన చేసిన మరో పని గురించి ముఖ్యంగా చెప్పదలచుకున్నాను. అది చార్టులు గీయడం. ఇందులో ఏముంది అని మీరు అనుకోవచ్చు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పల్లెల నుండి, తండాల నుండి వచ్చిన మనం డిగ్రీలో, పీజీలో అడుగుపెట్టగానే సెమినార్ ఇవ్వాలి, ప్రాజెక్టు వైవాకు స్లైడ్లు తయారు చేయాలి. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదట. ఎక్సెల్ అంటే ఏమిటో ఇంట్లో అడిగి తెలుసుకునే అవకాశం మనలో చాలామందికి లేదు. అందుకే ఈ మహనీయుని జీవితం మనకు రెండు విధాలుగా పనికివస్తుంది.

బాల్యం – చదువు

డుబోయిస్ 1868 ఫిబ్రవరి 23న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊరిలో పుట్టారు. బానిసత్వం రద్దయి అప్పటికి మూడేళ్ళు కూడా నిండలేదు. చిన్నతనంలోనే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లి ఇళ్ళల్లో పనులు చేసి కొడుకును చదివించింది. హైస్కూలు చదువు పూర్తయిన కొద్దికాలానికే ఆ తల్లి కూడా చనిపోయింది. ఊరిలోని చర్చీల వాళ్ళు తలాకొంత చందా వేసుకుని ఆయనను ఫిస్క్ విశ్వవిద్యాలయానికి పంపారు. అక్కడ చదువుకుంటూనే వేసవి సెలవుల్లో టెనెస్సీ రాష్ట్రం పల్లెల్లో పేద పిల్లలకు పాఠాలు చెప్పారు.

1888లో ఫిస్క్‌లో డిగ్రీ పొందారు. తరువాత హార్వర్డ్‌లో చేరితే ఆ డిగ్రీని పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదు. మళ్ళీ డిగ్రీ మూడో సంవత్సరం నుండే చదవమన్నారు. ఆయన వెనుకాడలేదు, చదివి 1890లో రెండో డిగ్రీ కూడా తీసుకున్నారు. ఆ తరువాత జర్మనీలోని బెర్లిన్‌లో రెండేళ్ళు చదివారు. స్కాలర్‌షిప్ పొడిగించకపోవడంతో అక్కడ డాక్టరేట్ అందుకోకుండానే తిరిగి రావలసి వచ్చింది. స్కాలర్‌షిప్ ఆగితే చదువు ఎలా ఆగుతుందో మనకు వేరే చెప్పనవసరం లేదు కదా! అయినా 1895లో హార్వర్డ్ నుండి డాక్టరేట్ పొందారు. ఆ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ సాధించిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆయనే.

గడప గడపకూ తిరిగి

1896లో ఫిలడెల్ఫియా నగరంలో నల్లజాతి వారు నివసించే ఏడో వార్డును పరిశోధించే పని ఆయనకు దొరికింది. ఆయన ఆఫీసులో కూర్చుని లెక్కలు కట్టలేదు. దాదాపు 2,500 కుటుంబాలను స్వయంగా కలిసి, సంపాదన ఎంత, అద్దె ఎంత, చదువు ఎంత అని అడిగి రాసుకున్నారు. ఆ వార్డు పటం గీసి, ఒక్కొక్క ఇంటికీ దాని ఆర్థిక స్థితిని బట్టి రంగు వేశారు. ఆ పరిశోధన 1899లో ద ఫిలడెల్ఫియా నీగ్రో అనే పుస్తకంగా వచ్చింది. పేదరికానికి కారణం జాతిలో లేదు, అవకాశాలు దక్కకపోవడంలో ఉంది అని ఆ పుస్తకం లెక్కలతో నిరూపించింది.

చార్టు అందంగా రావాలంటే ముందు దాని కింద ఉన్న లెక్క గట్టిగా ఉండాలి. ఎక్సెల్ షీటులో తప్పు అంకె ఉంటే ఎన్ని రంగులు వేసినా ఏం లాభం?

1897లో ఆయన అట్లాంటా విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. 1899 ఆయన జీవితంలో చాలా చేదు సంవత్సరం. ఏప్రిల్‌లో సామ్ హోస్ అనే నల్లజాతి కూలీని అట్లాంటాకు దగ్గరలోనే జనం గుంపుగా చేరి దారుణంగా చంపారు. మరుసటి నెలలోనే డుబోయిస్ ఒక్కగానొక్క కొడుకు, రెండేళ్ళు కూడా నిండని పసివాడు, గొంతువాపు జబ్బుతో చనిపోయాడు. అంత దుఃఖంలో ఉండగానే ఆ ఏడాది చివరలో ఆయనకు పారిస్ ప్రదర్శన కోసం పిలుపు అందింది.

పారిస్ ప్రదర్శన

1900లో ఫ్రాన్స్ రాజధాని పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అందులో అమెరికా నల్లజాతి ప్రజల ప్రగతిని చూపే విభాగం ఏర్పాటు చేయాలని ఫిస్క్‌లో డుబోయిస్‌తో కలిసి చదివిన థామస్ కాలోవే పట్టుబట్టి సాధించారు. జార్జియా రాష్ట్రం లెక్కలు సిద్ధం చేసే బాధ్యత డుబోయిస్‌కు ఇచ్చారు. చేతిలో ఉన్నది కొద్ది నెలల సమయం, చాలీచాలని డబ్బు. ఆయన తన విద్యార్థులను, పాత విద్యార్థులను కూర్చోబెట్టుకుని సిరా, రంగులు, స్కేలు, కుంచెలతో సుమారు 60 చార్టులు గీయించారు. ఒక్కొక్కటి 28 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు. వాటితో పాటు నల్లజాతి ప్రజల ఫోటోలు మూడు వందలకు పైగా ఆల్బములలో పెట్టారు. ఓడలో అన్నిటికన్నా తక్కువ టికెట్ తరగతిలో ప్రయాణించి పారిస్ చేరుకున్నారు. ఆ పనికి డుబోయిస్‌కు బంగారు పతకం లభించింది.

ఒక్కసారి ఆలోచించండి. ముప్పై అయిదేళ్ళ క్రితం వరకు బానిసలుగా ఉన్నవారి పిల్లలు, చదువు నేర్పడమే నేరంగా ఉండిన రాష్ట్రంలో, తమ జాతి లెక్కలు తామే తీసి ప్రపంచం ముందు పెట్టారు. ఇప్పుడు ఆ చార్టుల దగ్గరికి వెళ్ళి, వాటి నుండి మన స్లైడ్లకు పనికివచ్చే పాఠాలు చూద్దాం.

ఒక చార్టుకు ఒకే మాట

ఒక చార్టులో 1790 నుండి 1870 వరకు నల్లజాతి వారిలో ఎంతమంది స్వేచ్ఛగా ఉన్నారు, ఎంతమంది బానిసలు అని చూపారు. కాగితం నిండా నల్లరంగు. పైన సన్నని ఆకుపచ్చ పట్టీ. 1790లో స్వేచ్ఛ ఉన్నవారు 8 శాతం, 1860లో 11 శాతం. 1870కి వచ్చేసరికి ఆ ఆకుపచ్చ ఒక్కసారిగా కిందికంటా దిగి 100 శాతం అవుతుంది. చూసినవారికి వివరణ అక్కరలేదు. మనం స్లైడు చేసేటప్పుడు కూడా ఈ చార్టు ఏ ఒక్క మాట చెప్పాలి అని ముందు కాగితం మీద రాసుకోవాలి. స్లైడు శీర్షికలో ఆ మాటే పెట్టాలి. అక్షరాస్యత వివరాలు అని పెట్టడం కన్నా, పదేళ్ళలో బాలికల అక్షరాస్యత ఇంత పెరిగింది అని పెడితే చూసేవారికి విషయం వెంటనే అందుతుంది.

రంగు దేనికి?

మరో చార్టులో రష్యా, హంగేరి వంటి దేశాల నిరక్షరాస్యతను అమెరికా నల్లజాతి వారి నిరక్షరాస్యతతో పోల్చారు. దేశాలన్నిటికీ ఆకుపచ్చ పట్టీలు, తమ వారికి మాత్రం ఎర్ర పట్టీ. కన్ను నేరుగా ఎరుపు మీదికే పోతుంది. కొన్ని స్వతంత్ర దేశాల కన్నా నిన్నమొన్నటి బానిసలే మెరుగ్గా ఉన్నారని తెలిసిపోతుంది. మనం ఎక్సెల్‌లో ఒక్కొక్క పట్టీకి ఒక్కొక్క రంగు వేసి హోలీ చేస్తాం. అలా వద్దు. అన్నిటికీ ఒకే లేత రంగు ఉంచి, చెప్పదలచుకున్న పట్టీకి మాత్రం ముదురు రంగు వేయండి. ఆ పట్టీ మీద ఒకసారి క్లిక్ చేసి, కాస్త ఆగి మరోసారి క్లిక్ చేస్తే అది ఒక్కటే ఎంపిక అవుతుంది.

అంకె పక్కనే ఉండాలి

డుబోయిస్ చార్టులలో చాలా పేరు పొందినది చుట్ట తిరిగిన ఎర్ర గీత. 1890లో జార్జియాలో నల్లజాతి వారు పెద్ద పట్టణాల్లో 78,139 మంది ఉంటే, పల్లెల్లో 7,34,952 మంది ఉన్నారు. తొమ్మిది రెట్లకు పైగా! అంత పొడుగు గీత కాగితంలో పట్టదు. అందుకని దానిని పాములా చుట్టి చూపారు. చుట్టిన గీతలను కంటితో కొలవడం కష్టమే. అయినా చూసేవారు తికమకపడకుండా అంకెలను కూడా రాశారు. ఎక్సెల్‌లో పట్టీ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ డేటా లేబుల్స్ నొక్కితే అంకెలు వచ్చేస్తాయి. అప్పుడు వెనుక అడ్డగీతలు అవసరం లేదు, వాటిని ఎంచుకుని డిలీట్ నొక్కండి. త్రీడీ పై చార్టు జోలికి పోకండి. ముందున్న ముక్క ఉన్నదాని కన్నా పెద్దగా కనబడి చూసేవారిని మోసం చేస్తుంది. అక్షరాలు చివరి బెంచీ వారికి కూడా కనబడాలి. చార్టును పెద్దది చేసేటప్పుడు షిఫ్ట్ కీ నొక్కి ఉంచి మూల పట్టుకుని లాగితే ఆకారం సాగిపోదు.

నిజాయితీ

జార్జియా నిరక్షరాస్యత చార్టులో 1860కి 99 శాతం, 1870కి 92.1, 1880కి 81.6, 1890కి 67.27 అని ఉంటుంది. 1900 దగ్గర మాత్రం 50 శాతం అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఎందుకంటే ఆ ఏటి జనాభా లెక్కలు ఇంకా వెలువడలేదు, అది అంచనా మాత్రమే. తమ జాతి గొప్పగా కనబడాలనే తపన ఉన్నా ఆ చిన్న గుర్తును వదిలిపెట్టలేదు. బార్ చార్టులో కింది గీత సున్నా నుండి కాకుండా యాభై నుండి మొదలుపెడితే చిన్న తేడా కొండంత కనబడుతుంది. చప్పట్లు వస్తాయేమో గానీ అది అబద్ధం. సున్నా నుండే మొదలుపెట్టండి. లెక్క ఎక్కడిదో కింద చిన్నగా రాయండి.

చూసేవారి భాష

పారిస్‌లో చూసేవారి కోసం చాలా చార్టుల మీద ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచిలో కూడా రాశారు. మనం గ్రామసభలోనో, పిల్లల తల్లిదండ్రుల సమావేశంలోనో చూపేటప్పుడు తెలుగులోనే రాద్దాం. అయితే యూనికోడ్‌లో టైప్ చేయండి. అను ఫాంట్లలో చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అక్షరాలు గజిబిజిగా మారిపోతాయి. ముందు జాగ్రత్తగా ఒక పీడీఎఫ్ కూడా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

చార్టుతోనే ఆగలేదు

పారిస్ పతకంతో అమెరికాలో హత్యలు ఆగలేదు, వివక్ష పోలేదు. నిజం చూపితే చాలు, లోకం మారుతుంది అనే నమ్మకం డుబోయిస్‌లో క్రమంగా సడలింది. 1903లో ద సోల్స్ ఆఫ్ బ్లాక్ ఫోక్ అనే ప్రసిద్ధ గ్రంథం వెలువరించారు. 1909లో నల్లజాతి హక్కుల జాతీయ సంఘం స్థాపకులలో ఒకరయ్యారు. 1910 నుండి 1934 వరకు ఆ సంఘం పత్రిక ద క్రైసిస్‌కు సంపాదకత్వం వహించారు. లాలా లజపతిరాయ్‌తో స్నేహం చేసి, భారత స్వాతంత్ర్యాన్ని సమర్థించారు. 1951లో, 83 ఏళ్ళ వయసులో, శాంతి ఉద్యమంలో పనిచేసినందుకు ఆయనను కోర్టుకు లాగారు. నిర్దోషిగా బయటపడినా కొన్నేళ్ళ పాటు పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1961లో ఆఫ్రికాలోని ఘనా దేశానికి వెళ్ళి, ఆఫ్రికా విజ్ఞాన సర్వస్వం తయారు చేసే పనికి పూనుకున్నారు. 1963 ఆగస్టు 27న అక్కడే 95 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆ మరునాడే వాషింగ్టన్ నగరంలో మార్టిన్ లూథర్ కింగ్ పాల్గొన్న చారిత్రక ప్రదర్శన జరిగింది. డుబోయిస్ మరణవార్తను అక్కడి వేదిక మీద నుండే లక్షలాది మందికి తెలియజేశారు.

ఆయన విద్యార్థులు చేతితో గీసిన ఆ చార్టులు నేటికీ వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. కంప్యూటర్ ల్యాబుకు వెళ్ళినప్పుడు తప్పక చూడండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మన హాస్టళ్ళ గురించి, మన తండాల గురించి, మన వాడల గురించి లెక్కలు ఎవరో తీస్తారు, ఎవరో స్లైడ్లు వేస్తారు. ఆ చార్టులో మనం ఒక పట్టీగా మాత్రమే ఉంటాం. ఆ లెక్క మనమే తీయగలగాలి, ఆ పట్టీ మనమే గీయగలగాలి, దాని ముందు నిలబడి తడబడకుండా వివరించగలగాలి. అట్లాంటా విద్యార్థులు కుంచెతో చేసిన పనికి మనకు కంప్యూటర్ ఉంది. మనలో పదో తరగతి నుండి ఎంతమంది ఇంటర్‌కు వెళ్ళారు, ఎంతమంది డిగ్రీ పూర్తి చేశారు, మధ్యలో ఎవరు ఎందుకు ఆగిపోయారు అనే లెక్కతో మొదలుపెడదాం. పూర్వ విద్యార్థులు తమ వివరాలు ఇచ్చి సహకరిస్తే వచ్చే వార్షికోత్సవం నాటికి ఆ చార్టును మన హాస్టల్ గోడ మీద పెట్టవచ్చు.