గంట ఎప్పుడు కొడుతుందా అని ఎదురుచూసిన పునీతురాలు

మీలో అనేకులు ప్రతిదినము కొంతసేపు మౌనముగా ధ్యానము చేసుకొంటున్నారు. ఏళ్ళ తరబడి చేస్తున్నా మనసు నిలవడము లేదని, తమలో ఏ ఎదుగుదలా కనిపించడము లేదని దిగులుపడేవారూ మీలో ఉన్నారు. అట్టివారికి అవిలాపురి పునీత తెరేజమ్మ గారి జీవితము గొప్ప ఓదార్పు.

ఈమె 1515 మార్చి 28న స్పెయిన్ దేశములో జన్మించారు. ఇరవై ఏళ్ళ ప్రాయములో అవిలా పట్టణములోని కార్మెల్ మఠములో చేరారు. 1539లో తీవ్రమైన జబ్బు చేసి నాలుగు దినములు స్పృహ లేకుండా పడి ఉన్నారు. చనిపోయినదనుకొని సమాధి కూడా త్రవ్వించారు. ప్రాణము దక్కింది గాని, సుమారు మూడేళ్ళు కాళ్ళూ చేతులూ స్వాధీనములో లేవు. పునీత జోజప్ప గారి వేడుదల వలన స్వస్థత కలిగిందని ఆమె నమ్మారు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. తన తండ్రికి ధ్యానము చేయడము నేర్పినది ఆమెయే. కాని కొంతకాలానికి, తనవంటి పాపాత్మురాలికి దేవునితో ఏకాంతము తగదనుకొని ఆమె ధ్యానము మానివేశారు. తండ్రి మాత్రము మానలేదు. 1543లో ఆయన మరణించిన తరువాత, ఆయనకు ఆత్మ గురువుగా ఉండిన దోమినిక్ సభ గురువు సలహాపై ఆమె తిరిగి మొదలుపెట్టారు. ఆ తరువాత మరెన్నడూ విడువలేదు.

వెంటనే ఆనందము కలిగిందా? లేదు. ధ్యాన సమయము ఎప్పుడు ముగుస్తుందా, గంట ఎప్పుడు కొడుతుందా అని చెవియొగ్గి కూర్చొన్న దినములు ఎన్నో ఉన్నాయని ఆమె దాచకుండా వ్రాసుకొన్నారు. పద్దెనిమిది ఏళ్ళకు పైగా తనకు ఈ పోరాటము తప్పలేదన్నారు. 1554లో, గాయములతో నిండిన క్రీస్తు ప్రభువు స్వరూపము ముందు ఆమె హృదయము కరిగిపోయింది. అప్పటికి ఆమెకు 39 ఏళ్ళు.

ధ్యానమును ఆమె తోటకు నీరు పెట్టడముతో పోల్చారు. మొదట బావిలో నీళ్ళు చేది పోయాలి. తరువాత నీటి చక్రము తోడుతుంది. ఆ తరువాత కాలువ పారుతుంది. చివరికి దేవుడే వాన కురిపిస్తాడు. చేదినవానికి చేతులు నొప్పిపుట్టినా, మొక్క వేరు తడుస్తూనే ఉంటుంది.

మరి మన ఎదుగుదలను ఎలా గుర్తించాలి? 1577లో వ్రాసిన ‘అంతరంగ కోట’ అను గ్రంథములో ఆమె దీనికి మార్గము చూపారు. కన్నీళ్ళు, పరవశము, దర్శనములు కొలబద్దలు కావు. దేవుని ఎంత ప్రేమిస్తున్నామో మనము కచ్చితముగా చెప్పలేము గాని, పొరుగువానిని ప్రేమిస్తున్నామో లేదో తెలిసికొనవచ్చును. జబ్బుపడిన సోదరి కనిపిస్తే, మన భక్తి ఆగిపోతుందని విచారింపక వెళ్ళి ఆదుకోవడమే మంచి గుర్తు అని ఆమె బోధ.

ఆమె జీవితమే ఇందుకు సాక్ష్యము. 1562లో పునీత జోజప్ప గారి పేరిట తొలి మఠము స్థాపించారు. అనారోగ్యముతోనే బండ్లలో ప్రయాణిస్తూ మొత్తము 17 మఠములు నెలకొల్పారు. 1582లో కన్నుమూశారు. 1970లో జగద్గురువులు ఆరవ పౌలు పోపుగారు ఆమెను శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. ఈ గౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

కనుక ప్రియ పాఠకులారా, ఈ రాత్రి పండుకొనబోయే ముందు ధ్యానములో ఎంత హాయి కలిగిందని లెక్క చూసుకోకండి. నిరుటికంటే నేడు కోపము కాస్త ఆలస్యముగా వస్తున్నదా? ఇంట్లో ముసలివారి మాట ఓపికగా వింటున్నారా? మాట పడిన తరువాత మీరే ముందుగా పలకరించగలుగుతున్నారా? అవునంటే, మీకు తెలియకుండానే వేరు తడుస్తున్నది. కాదంటే, రేపు మరల బావి దగ్గరకు వెళ్ళండి. మనసు నిలవకపోయినా సరే, గంట కొట్టేవరకు ఆ చోటు విడువకండి.