జె.బి.ఎస్. హాల్డేన్

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ (నవంబరు 5, 1892 - డిసెంబరు 1, 1964) సుప్రసిద్ధ జన్యు శాస్త్రవేత్త, రచయిత. ఇంగ్లాండులో జన్మించి, జీవితంలోని చివరి ఏడు సంవత్సరాలు భారతదేశంలో గడిపి, ఇక్కడి పౌరసత్వం స్వీకరించాడు. రొనాల్డ్ ఫిషర్, సీవాల్ రైట్‌లతో పాటు జనాభా జన్యుశాస్త్రానికి పునాదులు వేసిన ముగ్గురిలో ఇతడు ఒకడు. వంశపారంపర్య వ్యాధులను ఇంటిగుట్టుగా కాక, లెక్కకు అందే విషయంగా పరిశీలించటం ఇతని కృషిలో ముఖ్యమైన భాగం. మరణానంతరం ఇతని దేహం కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు చేరింది.

బాల్యము, విద్య

హాల్డేన్ ఆక్స్‌ఫర్డులో జన్మించాడు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరుపొందిన శరీరధర్మ శాస్త్రవేత్త. గనులలోని విషవాయువులను తన శరీరం మీదనే పరీక్షించుకున్న ఆ తండ్రి వెంట ఉండి బాలుడు ప్రయోగపద్ధతిని నేర్చుకున్నాడు. ఈటన్ పాఠశాలలోనూ, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలోనూ గణితము, ప్రాచీన భాషా సాహిత్యాలు చదివాడు. విజ్ఞానశాస్త్రంలో ఇతనికి పట్టా లేదు.

చెల్లెలు నయోమి ఇంట్లో గినీ పందులను పెంచేది. వాటి ద్వారా అన్నాచెల్లెళ్ళు మెండెల్ సూత్రాలను పరిశీలించటం మొదలుపెట్టారు. తరువాత ఎలుకల మీద చేసిన పరిశోధన ఫలితాలను 1915లో ఎ.డి. స్ప్రంట్‌తో కలిసి ప్రచురించారు. క్షీరదాలలో కొన్ని లక్షణాలు జంటగా సంక్రమిస్తాయని తెలిపిన తొలి పత్రాలలో ఇది ఒకటి. అప్పటికి హాల్డేన్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికాధికారిగా ఉన్నాడు. స్ప్రంట్ ఆ యుద్ధంలోనే మరణించాడు.

రక్తసంబంధము - వ్యాధులు

హాల్డేన్ 1923 నుండి 1932 వరకు కేంబ్రిడ్జిలో జీవరసాయన శాస్త్రం బోధించాడు. 1933 నుండి 1957 వరకు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడు. 1932లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు.

దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తి కొనసాగితే తరతరానికి జన్యువులు ఎలా మారుతాయో 1931లో సి.హెచ్. వాడింగ్టన్‌తో కలిసి గణించాడు. దీనికి ఆధారమైన కొలత సీవాల్ రైట్ 1922లో ప్రతిపాదించిన అంతఃప్రజనన గుణకం. తండ్రీకూతుళ్ళను గానీ, తోడబుట్టిన వాటిని గానీ జత కలిపితే పుట్టే కూనకు ఈ గుణకం 1/4. అనగా దాని జన్యు జతలలో సగటున నాలుగింట ఒకటి, ఒకే పూర్వ జన్యువు యొక్క రెండు నకళ్ళు. తల్లిలోనూ తండ్రిలోనూ బయటపడకుండా దాగిన దోషం కూనలో బయటపడేది ఇందువల్లనే.

మేలుజాతి కుక్కల పెంపకంలో ఈ లెక్కకు ఎంతో ప్రాధాన్యం ఉంది. రంగు, ఆకారం స్థిరపడటానికి కొద్దిపాటి పూర్వీకులనే మళ్ళీ మళ్ళీ వాడతారు. కోరిన లక్షణంతో పాటు కోరని వ్యాధి కూడా స్థిరపడుతుంది. డాల్మేషియన్ కుక్కల మూత్రంలో యూరిక్ ఆమ్లం అధికంగా ఉండి రాళ్ళు ఏర్పడటం దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. తమిళనాడులో తెలుగు రాజుల కుటుంబాలు స్థిరపడిన రాజపాళయం పేరుతో పిలిచే తెల్లని వేటకుక్కలలో పుట్టుచెవుడు కనిపిస్తుంది. చెవిటి కూనను రహస్యంగా తొలగించి, దాని తల్లిదండ్రులను మళ్ళీ జత కలిపితే దోషం పోదు, కనబడకుండా వ్యాపిస్తుంది. వంశావళిలో ఎవరికి ఏ వ్యాధి వచ్చిందో వ్రాసి ఉంచినప్పుడే ఈ గణితం ఉపయోగపడుతుంది.

రాజవంశాలలో హీమోఫిలియా

గాయమైతే రక్తం గడ్డకట్టని హీమోఫిలియా వ్యాధి మనుషులలోనూ కుక్కలలోనూ ఒకే తీరున, సాధారణంగా తల్లి ద్వారా కొడుకులకు సంక్రమిస్తుంది. హాల్డేన్ 1935లో ఈ వ్యాధి ఆధారంగా మానవ జన్యువు ఒకదానిలో ఉత్పరివర్తనాల రేటును మొదటిసారి అంచనా వేశాడు. అది తరానికి సుమారు 50,000లో ఒకటి. 1937లో జూలియా బెల్‌తో కలిసి వర్ణాంధత్వ జన్యువు, హీమోఫిలియా జన్యువు ఒకే క్రోమోసోము మీద దగ్గరగా ఉన్నాయని చూపాడు.

విక్టోరియా రాణి సంతతి ద్వారా ఐరోపా రాజకుటుంబాలకు ప్రాకిన హీమోఫిలియాను గురించి కూడా వ్రాశాడు. రష్యా యువరాజు అలెక్సీకి ఈ వ్యాధి ఉన్న సంగతిని రాజకుటుంబం ప్రజల నుండి దాచింది. అది హీమోఫిలియా-బి రకమని 2009లో ఎముకల జన్యుపరీక్ష ద్వారా తేలింది.

రోగులను బలవంతంగా సంతానహీనులను చేయాలన్న వాదాన్ని హాల్డేన్ 1938 నాటి హెరెడిటీ అండ్ పాలిటిక్స్ గ్రంథంలో విమర్శించాడు. అరుదైన అంతర్గత వ్యాధుల జన్యువులు అధికభాగం ఆరోగ్యవంతులలోనే దాగి ఉంటాయి గనుక ఆ చర్య వల్ల ప్రయోజనం స్వల్పమే.

1949లో, థలసీమియా జన్యువు మలేరియా నుండి రక్షణ ఇస్తున్నందువల్లనే కొన్ని ప్రాంతాలలో నిలిచి ఉన్నదని సూచించాడు. సికిల్ సెల్ జన్యువు విషయంలో ఇటువంటి రక్షణను ఆంథొనీ ఆలిసన్ 1954లో నిరూపించాడు. ఆదిలాబాదు ప్రాంతపు గోండులు, కొలాములలో కనిపించే వ్యాధి ఇదే.

రాజకీయాలు, విమర్శలు

హాల్డేన్ 1942లో బ్రిటన్ కమ్యూనిస్టు పార్టీలో చేరాడు. 1948లో సోవియట్ ప్రభుత్వం లైసెంకో మతాన్ని అధికారికం చేసి జన్యుశాస్త్రాన్ని నిషేధించినప్పుడు ఇతడు దానిని స్పష్టంగా ఖండించలేదు. అంతకుముందే, 1943లో, నికొలాయ్ వావిలోవ్ సోవియట్ చెరసాలలో మరణించాడు. ఇతరుల లెక్కలలోని తప్పును నిర్మొహమాటంగా చూపిన హాల్డేన్ ఇక్కడ వెనుకాడటం ఇతని జీవితంలో పెద్ద మచ్చగా చరిత్రకారులు పరిగణిస్తారు. తరువాత పార్టీకి దూరమయ్యాడు.

భారతదేశంలో

సూయజ్ కాలువ యుద్ధం పట్ల నిరసనను ఒక కారణంగా తెలిపి, 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తాకు వచ్చి, పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. 1961లో ఆ సంస్థను వీడి, 1962లో భువనేశ్వరుకు మారాడు. భారతీయ దుస్తులు, శాకాహారం అలవరచుకున్నాడు.

పిఠాపురంలో జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఇతని శిష్యుడు. తెలుగునాట కోస్తా నుండి వేములవాడ వరకు మేనరికం, మేనమామ-మేనకోడలి వివాహం పరిచితమైన ఆచారాలు. మేనరికపు సంతానానికి అంతఃప్రజనన గుణకం 1/16, మేనమామ సంబంధంలో 1/8. ఆంధ్రప్రదేశ్‌లో ఈ వివాహాల సంఖ్యను, ఫలితాలను ద్రోణంరాజు, పి. మీరాఖాన్ 1960, 1963 సంవత్సరాలలో ప్రచురించారు. చెవి మీది వెంట్రుకలు తండ్రి నుండి కొడుకుకు వై క్రోమోసోము ద్వారా వస్తాయని ద్రోణంరాజు 1960లో ప్రతిపాదించాడు. దక్షిణ భారతీయులపై జరిగిన జన్యుపరీక్షలు 2004లో దీనిని త్రోసిపుచ్చాయి.

చివరి రోజులు

1964 తొలినాళ్ళలో లండన్‌లో పురీషనాళ క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. ఆ రోజులలో ఈ వ్యాధి పేరు చెప్పటానికే జనం జంకేవారు. హాల్డేన్ తన వ్యాధి గురించి బహిరంగంగా హాస్యకవిత వ్రాసి, లక్షణాలు కనిపించిన వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళవలెనని చెప్పాడు. తన సంస్మరణ ప్రసంగాన్ని తానే బి.బి.సి. కొరకు రికార్డు చేయించాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వరులో మరణించాడు. వైద్యవిద్య, పరిశోధనలకు ఉపయోగపడాలని వీలునామాలో కోరిన ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. హెలెన్ స్పర్వే 1978లో హైదరాబాదులో మరణించింది.