అగ్గిపుల్ల వెలుగులో ఆండర్సన్

పోయిన డిసెంబర్‌లో మా చెల్లి ఇంగ్లీష్ హోంవర్క్ నా మీద పడింది. పిల్లల క్రిస్మస్ కథ ఒకటి ఇచ్చి, అందులో పోలికలు ఎక్కడున్నాయో, ఉన్నది ఉన్నట్టు వర్ణించింది ఎక్కడో గుర్తించి రెండు రంగుల్లో గీతలు గీయమన్నారు. కథ 'ద లిటిల్ మ్యాచ్ గర్ల్'. చలిలో అగ్గిపుల్లలు అమ్మే పాప కథ. నేను కంప్యూటర్ సైన్స్ వాణ్ణి కదా, 'లైక్', 'యాజ్' ఉన్న వాక్యాలు వెతికే చిన్న ప్రోగ్రామ్ రాసి ఐదు నిమిషాల్లో తేల్చేద్దాం అనుకున్నా. ప్రోగ్రామ్ కొన్ని వాక్యాలు పట్టుకుంది. చెల్లి వాటి కింద ఆకుపచ్చ గీతలు గీసి, పేజీ కాసేపు చూసి అడిగింది: అన్నయ్యా, ఈ పచ్చగీతలన్నీ దాదాపుగా అగ్గిపుల్ల వెలుగుతున్నప్పుడే ఎందుకున్నాయి అని.

నా దగ్గర సమాధానం లేదు. దానికోసమే ఆ కథ రాసిన హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ జీవితం చదవడం మొదలుపెట్టా.

ఆండర్సన్ 1805 ఏప్రిల్ 2న డెన్మార్క్‌లోని ఓడెన్స్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి చెప్పులు కుట్టేవాడు. తల్లి ఊరివాళ్ల బట్టలు ఉతికేది, ఆమెకు చదువు రాదు. తండ్రికి మాత్రం పుస్తకాలంటే ప్రాణం. కొడుకుకి అరేబియన్ నైట్స్ కథలు చదివి వినిపించేవాడు, ఆడుకోవడానికి బొమ్మల థియేటర్ చేసిచ్చాడు.

ఒక చలికాలం వాళ్ల కిటికీ అద్దం మీద మంచు పేరుకుంది. అందులో చేతులు చాచిన ఆడమనిషి ఆకారం కనిపించింది. నన్ను తీసుకుపోవడానికి వచ్చినట్టుంది అని తండ్రి సరదాగా అన్నాడట. ఆయన నెపోలియన్ యుద్ధాల కాలంలో సైన్యంలోకి వెళ్లి ఆరోగ్యం పాడుచేసుకుని తిరిగొచ్చాడు. 1816లో చనిపోయాడు. అప్పుడు తల్లి, మంచుకన్యే వచ్చి తీసుకుపోయిందని అంది. ఇదంతా ఆండర్సన్ తన ఆత్మకథలో రాసుకున్నాడు.

పరీక్షలో అయితే మనం దీన్ని పర్సనిఫికేషన్ అని రాసి ఒక మార్కు తెచ్చుకుంటాం. పదకొండేళ్ల ఆ పిల్లాడికి మాత్రం అది అలంకారం కాదు. నాన్న ఎక్కడికి పోయాడన్న ప్రశ్నకి ఇంట్లో దొరికిన ఒకే ఒక్క జవాబు. 1844లో వచ్చిన 'ద స్నో క్వీన్' కథలో మంచురాణి ఒక పిల్లాణ్ణి తీసుకుపోతుంది. అది చదువుతుంటే నాకు ఆ కిటికీ అద్దమే గుర్తొచ్చింది.

1819లో, పద్నాలుగేళ్ల వయసులో, నటుణ్ణవుతానని ఒక్కడే కోపెన్‌హాగెన్ వెళ్లిపోయాడు. పాడాడు, గొంతు మారిపోయింది. డాన్స్ నేర్చుకున్నాడు, పనికిరాడన్నారు. నాటకాలు రాస్తే స్పెల్లింగే సరిగ్గా లేదని తిప్పి పంపారు. చివరికి రాయల్ థియేటర్ డైరెక్టర్లలో ఒకరైన యోనాస్ కొలిన్ జాలిపడి, రాజుగారి నిధి నుంచి డబ్బు ఇప్పించి 1822లో బడికి పంపించాడు. పదిహేడేళ్ల పొడుగాటి కుర్రాడు తనకంటే ఎంతో చిన్నపిల్లల మధ్య బెంచీ మీద కూర్చోవడం ఊహించుకోండి. హెడ్‌మాస్టర్ అందరి ముందూ ఎగతాళి చేసేవాడు. తన జీవితంలో అంత చీకటి రోజులు ఇంకేవీ లేవని ఆండర్సన్ తర్వాత చెప్పుకున్నాడు.

1835లో పిల్లల కథల మొదటి చిన్న పుస్తకం వచ్చింది. నాలుగే కథలు. విమర్శకులకు అవి నచ్చలేదు. ఇది రాసే భాష కాదు, మాట్లాడే భాష అన్నది వాళ్ల ఫిర్యాదుల్లో ఒకటి. ఆండర్సన్ మాత్రం పిల్లల ముందు కూర్చుని ఎలా చెప్తాడో అలాగే రాశాడు, ఆ తర్వాతా మానలేదు. ఇంగ్లీష్ మీడియంలో చదివి, ఇలా సగం మాట్లాడే తెలుగులోనే రాయగలిగే నాకు ఈ విషయం కొంచెం ధైర్యం ఇచ్చింది.

ఆయన క్రిస్మస్ కథల్లో ఇంకోటి 1844 నాటి 'ద ఫర్ ట్రీ'. అడవిలో ఒక చిన్న ఫర్ చెట్టు. ఎండ, గాలి, పక్షులు ఉన్నా దానికి ఏదీ ఆనదు, ఎప్పుడు పెద్దవుతానా అనే తొందర. క్రిస్మస్‌కి కొట్టి తెచ్చి కొవ్వొత్తులతో అలంకరిస్తారు. ఒక్క రాత్రి వైభవం, తర్వాత అటకమీద చీకటి, చివరికి పొయ్యి. ఇందులో పర్సనిఫికేషన్ ఏ వాక్యంలో ఉందో గీత గీయడం కుదరదు. కథ మొత్తం అదే. ఎప్పుడూ ముందున్న దానికోసమే పరిగెత్తిన మనిషి తనను తానే చెట్టుగా పెట్టి రాసుకున్నాడేమో అనిపించింది. సెమిస్టర్ ఎప్పుడైపోతుందా అని రోజులు లెక్కపెట్టే మనకి కూడా అది కొంచెం తగులుతుంది.

ఇక అగ్గిపుల్లల పాప. 1845లో ఆండర్సన్ ఒక డ్యూక్ గారి కోటలో అతిథిగా ఉన్నాడు. ఒక పత్రికా సంపాదకుడు మూడు బొమ్మలు పంపి, ఏదో ఒకదానికి కథ రాయమన్నాడు. అందులో అగ్గిపుల్లలు పట్టుకున్న పేదపిల్ల బొమ్మను ఎంచుకున్నాడు. ఎందుకో ఆత్మకథ చదివితే తెలుస్తుంది. వాళ్లమ్మను చిన్నప్పుడు ఇంట్లోవాళ్లు అడుక్కురమ్మని పంపేవారు. ఆమెకు చెయ్యి చాచడం చేతకాలేదు. రోజంతా వంతెన కింద కూర్చుని ఏడ్చేది. కథలో పాప కూడా అగ్గిపుల్లలు అమ్ముడుపోక, ఇంటికెళ్తే నాన్న కొడతాడని ఒక గోడ మూల ముడుచుకుని కూర్చుంటుంది. వాళ్లమ్మ 1833లోనే చనిపోయింది. అప్పుడు ఆండర్సన్ ఇటలీలో ఉన్నాడు. దగ్గర ఉండలేకపోయాడు.

ఇప్పుడు చెల్లి ప్రశ్నకి వద్దాం. పాప వీధిలో నడుస్తున్నంతసేపూ ఆండర్సన్ ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. చెప్పులు లేని కాళ్లు చలికి ఎర్రగా, నీలంగా కందిపోయాయంటాడు. దేనితోనూ పోల్చడు. చెప్పులు కుట్టేవాడి కొడుకు చెప్పులు పోయిన కాళ్ల గురించి రాస్తున్నాడు, ఆ చలికి పోలిక ఎందుకు? అగ్గిపుల్ల గీయగానే పోలికలు మొదలవుతాయి. మంట చిన్న కొవ్వొత్తిలా అవుతుంది, గోడ పల్చటి గుడ్డలా అవుతుంది, క్రిస్మస్ చెట్టు దీపాలు పైకెళ్లి నక్షత్రాలవుతాయి. పుల్ల ఆరగానే గోడ మళ్లీ గోడే. ఒకదాన్ని ఇంకోదానిలా చూడగలగడమే ఆ పాపకి ఆ రాత్రి దొరికిన వెచ్చదనం. ప్రోగ్రామ్‌కి అది తెలియదు, నాకూ అప్పటిదాకా తెలియదు.

1867లో ఓడెన్స్ ఊరంతా దీపాలు పెట్టి ఆండర్సన్‌ని సన్మానించింది. ఆయన 1875 ఆగస్టు 4న చనిపోయాడు.

హోంవర్క్ పూర్తయ్యాక కథ చివరి పేరా ఇంకోసారి చదివాం. తెల్లారింది, పాప చచ్చిపోయి ఉంది, పక్కన కాలిపోయిన పుల్లలు. దారినపోయేవాళ్లు పాపం చలి కాచుకోవాలనుకుంది అంటారు. నా ప్రోగ్రామ్ ఆ మాటను పట్టించుకోలేదు, పట్టుకోవడానికి అందులో పోలికేమీ లేదు మరి. చెల్లి మాత్రం పెన్ను పక్కన పెట్టేసి, దాని కింద ఏ రంగు గీయాలని అడగలేదు.