పడకయొద్ద దొరికిన స్నేహితుడు

వ్యాపారమున పరిచయములు అనేకము కలుగును గాని నిజ స్నేహితుడు దొరకుట అరుదు. ఇంగ్లండు దేశపు కుమ్మరియైన జోషయ్య వెడ్జ్‌వుడ్ చరిత్రను ఇందునిమిత్తము మీ ముందుంచుచున్నాము.

ఇతడు 1730లో బర్స్లెమ్ అను ఊరిలో కుమ్మరుల ఇంట పుట్టెను. బాల్యమున మశూచి సోకి కుడి మోకాలు చెడెను. 1762లో పనిమీద లివర్‌పూలునకు పోవుచుండగా ఆ కాలికే దెబ్బ తగిలి, అచ్చట మంచము పట్టెను. చికిత్స చేసిన టర్నరు అను వైద్యుడు తన మిత్రుడగు థామస్ బెంట్లీ అను వర్తకుని అతనియొద్దకు తోడుకొని వచ్చెను. వీరిని కలిపినది బేరము కాదు, వ్యాధియే.

ఏడేండ్లకు, అనగా 1769లో, వీరు భాగస్థులుగా ఎట్రూరియా కార్ఖానాలో పని ప్రారంభించిరి. వెడ్జ్‌వుడ్ పాత్రలు చేయించుచుండగా బెంట్లీ లండనులో అమ్మకము చూచెను. వెడ్జ్‌వుడ్ తన మిత్రునికి వ్రాసిన ఉత్తరములు వందలకొలది నేటికిని నిలిచియున్నవి. వాటిలో లెక్కల ప్రక్కనే ఇంటి కష్టసుఖములును కనబడును. 1780లో బెంట్లీ మరణించెను.

మనుష్యుని మనుష్యునిగా చూచు మనస్సు వెడ్జ్‌వుడ్‌ను విడువలేదు. 1787లో అతడు సంకెళ్లతో మోకరించిన బానిస బొమ్మగల చిన్న బిళ్లలు చేయించి ఉచితముగా పంచెను. మరుసటి యేట కొన్నిటిని అమెరికాలోని బెంజమిన్ ఫ్రాంక్లినునకు పంపెను. వ్యాపారము వలన కలిగిన పరిచయములు ఇట్లు బానిసల విడుదలకు తోడ్పడెను. 1795లో అతడు కన్నుమూసెను.

మనమందరము సంతకు పోవువారమే. ఎదుటివాని సంచిని మాత్రమే చూచుచున్నామా, అతని గాయమునుకూడ చూచుచున్నామా?