ఒక విశేషణము – ఒక ప్రాణము

విశేషణము ఏ విశేష్యముతో అన్వయించునో విద్యార్థులకు దెలుపుట ఉపాధ్యాయులకు నిత్యకృత్యము. అట్టి అన్వయభేదము కొఱకు ప్రాణమర్పించిన పండితుడొకడు పదునారవ శతాబ్దమున ఐరోపాలో నుండెను. అతడు మైకేల్ సెర్వెటస్.

స్పెయిన్ దేశపు అరగాన్ సీమలో 1511 ప్రాంతమున నతడు జన్మించెను. 1492లో యూదులను వెడలగొట్టి, పిమ్మట మహమ్మదీయులను బలవంతముగా క్రైస్తవులను గావించిన దేశమది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురును ఒక్క దేవుడే యను త్రిత్వసిద్ధాంతము ఆ రెండు మతములవారికిని మింగుడుపడనిది. న్యాయశాస్త్రాధ్యయనమునకై ఫ్రాన్సులోని టూలూజు నగరమున కేగిన సెర్వెటస్, అచట బైబిలును శ్రద్ధతో పఠించెను. త్రిత్వమను పదమే అందు కానరాలేదు. అతడు క్రీస్తు దైవత్వమును కాదనలేదు. దేవుడును, ఆయన వాక్కును నిత్యము. ఆ వాక్కు నరరూపము దాల్చిననాడే కుమారుడు గలిగెనని అతని మతము. కుమారుడును అనాదియే యని సంఘము నమ్మకము. 1531లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ఈ భావమును గ్రంథముగా వెలువరించెను. కాథలిక్కులును, వారి నెదిరించిన సంస్కర్తలును ఏకకంఠముతో దానిని నిరసించిరి.

అంతట నతడు పేరు మార్చుకొని, పారిస్‌లో వైద్యమభ్యసించి, వియెన్ పట్టణమున వైద్యుడై పేరొందెను. జెనీవా సంస్కర్తయగు కాల్విన్‌తో లేఖల మూలమున వాదించెను. 1553లో రహస్యముగా ముద్రించిన మఱియొక గ్రంథమున, రక్తము గుండె కుడిభాగమునుండి ఊపిరితిత్తుల మార్గమున ఎడమభాగమును జేరునని వివరించెను. ఐరోపాలో ఈ సత్యమును అచ్చున కెక్కించిన ప్రథముడతడే. దైవప్రాణము మానవునిలో నెట్లు ప్రవేశించునో చెప్పబోయి ఈ శరీరధర్మమును వెల్లడించుట విశేషము.

అతడు కాల్విన్‌కు వ్రాసిన లేఖలే వియెన్ అధికారులకు సాక్ష్యములయ్యెను. బందీయై, చెరనుండి తప్పించుకొనగా, అచ్చటివారు అతని ప్రతిమను దహించిరి. ఇటలీకి బోవుచు జెనీవాలో నాగి, ఆగస్టు 13న ప్రార్థనామందిరమున గుర్తింపబడెను. నగరసభ మరణదండన విధించెను. కాల్విన్ ఆ శిక్షను సమర్థించెను. అగ్నికి బదులు శిరశ్ఛేదము మాత్రము కోరెను. అదియును చెల్లలేదు. 1553 అక్టోబరు 27న చాంపెల్ గుట్టపై సెర్వెటస్ సజీవదహనము గావింపబడెను. మంటలలో సైతము అతడు క్రీస్తును నిత్యదేవుని కుమారునిగా పిలిచెనే గాని, దేవుని నిత్యకుమారునిగా పిలువలేదని చెప్పుదురు. విశేషణము స్థానము మార్చుకొనలేదు!

ఆ గ్రంథప్రతులలో మూడు మాత్రమే నేటికి మిగిలెను. 1903లో కాల్విన్ అనుయాయులే చాంపెల్‌లో శిల నిలిపి, నాటి చర్య దోషమని అంగీకరించిరి. దేవుని స్వరూపమును గూర్చిన వాదము నేటికిని తెగలేదు. భిన్నాభిప్రాయము కలవానిని దహింపరాదను తీర్పు మాత్రము ఆ శిలపై నిలిచినది.