నాగలి వదిలాడని నిందపడ్డ బోధకుడు

డిగ్రీ పూర్తిచేసిన కుర్రాడు బి.పి.ఇడి.లో చేరతానంటే మన విశ్వాస కుటుంబాల్లోనూ ముఖాలు చిన్నబోతాయి. ఎం.బి.ఎ. చేయరాదా, గ్రూప్స్ రాయరాదా, అదీ కాకపోతే బైబిలు కాలేజీకైనా వెళ్ళరాదా అంటారు. ఆటలు నేర్పడానికి ఒక చదువా అన్నది పెద్దల సందేహం. శరీర సాధకం గురించి పౌలు తిమోతికి రాసిన మాటను అడ్డం పెట్టి నోరు మూయించేవారూ ఉన్నారు. ఆ మాటకు ముందూ వెనకా ఏముందో చదివేవారు మాత్రం తక్కువ.

ఈ నిందనే ఇంతకన్నా ఘాటుగా భరించినవారు జేమ్స్ నైస్మిత్. బాస్కెట్‌బాల్ ఆటను కనిపెట్టిన వ్యక్తిగా లోకం ఆయన్ను ఎరుగును. ఆయన వేదాంత విద్య పూర్తిచేసిన బోధకుడన్న సంగతి మన సంఘాల్లో ఎక్కువమందికి తెలియదు.

1861 నవంబరు 6న కెనడాలోని ఆల్మాంట్ పట్టణం దగ్గర, స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన కుటుంబంలో పుట్టారు. తొమ్మిదో ఏట టైఫాయిడ్ జ్వరం తండ్రిని, తల్లిని వారాల తేడాలో తీసుకుపోయింది. మేనమామ పీటర్ యంగ్ పెంచారు. మధ్యలో బడి మానేసి, అడవుల్లో కలప కొట్టే కూలీగా కొన్నేళ్ళు పనిచేశారు. బోధకుడు కావాలన్న ఆశతో, మీసాలొచ్చిన వయసులో మళ్ళీ బడికెళ్ళి పిల్లల పక్కన కూర్చుని చదువు ముగించారు. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో 1887లో పట్టా, ప్రెస్బిటేరియన్ కాలేజీలో 1890లో వేదాంత విద్య పూర్తయ్యాయి.

చిక్కల్లా ఆయన ఫుట్‌బాల్ దగ్గరే వచ్చింది. అప్పటి ఫుట్‌బాల్ అంటే ఒకరిమీద ఒకరు పడి దొర్లే మొరటు ఆట. సెమినరీ విద్యార్థికి అది తగదని అందరి అభిప్రాయం. తోటి విద్యార్థులు కొందరు ఒక గదిలో చేరి ఆయన ఆత్మ కోసం ప్రార్థించేవారట. దెబ్బలకు కళ్ళచుట్టూ నల్లగా కమిలిన ముఖంతోనే ఒక ఆదివారం ప్రసంగ పీఠం ఎక్కారు కూడా!

ఆ మైదానంలోనే ఆయనకు తన దారి దొరికింది. ఆటలో కోపం పట్టలేక ఒక జట్టువాడు బూతు మాట అన్నాడు. పక్కన నైస్మిత్ ఉన్నాడని చూసుకుని సిగ్గుపడి క్షమాపణ అడిగాడు. నైస్మిత్ అతన్ని ఎప్పుడూ మందలించి ఎరుగరు. పీఠం మీద నుంచి చేరలేని యువకులను మైదానంలో చేరవచ్చునని అప్పుడు తోచింది. సెమినరీ ముగియగానే అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలకు వెళ్ళిపోయారు. అక్కడ వ్యాయామ శాఖ పెద్ద లూథర్ గులిక్. వై.ఎం.సి.ఎ. గుర్తులో మనం చూసే త్రికోణం, అంటే ఆత్మ, మనసు, శరీరం మూడూ కలిసినదే మనిషి అన్న భావం, ఆయన ఇచ్చినదే.

1891 చలికాలం. బయట మంచు. లోపల కసరత్తులంటే విసుగెత్తిపోయిన పద్దెనిమిది మంది. అప్పటికే ఇద్దరు శిక్షకులు ఆ తరగతితో వేగలేక చేతులెత్తేశారు. గులిక్ దాన్ని నైస్మిత్‌కు అప్పగించి, నాలుగు గోడల మధ్య ఆడదగిన ఆట ఒకటి రెండు వారాల్లో తయారుచేయమన్నారు. ఆయన ఆలోచించిన తీరు గమనించదగినది. ఆటల్లో దెబ్బలు ఎందుకు తగులుతున్నాయి? బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపాలంటే పడదోయక తప్పదు. కాబట్టి బంతి పట్టుకుని పరుగెత్తకూడదన్నారు. గోలు ఎదురుగా ఉంటే బంతిని బలంకొద్దీ విసురుతారు. దాన్ని తలపైకి ఎత్తి, నోరు ఆకాశం వైపు పెడితే మెల్లగా, గురిచూసి వేయక తప్పదు. పాఠశాల నౌకరును పెట్టెలు అడిగితే అతను పీచ్ పళ్ళ బుట్టలు తెచ్చిచ్చాడు. బాల్కనీ అంచుకు, పది అడుగుల ఎత్తున వాటిని కొట్టారు. పదమూడు నియమాలు రాసి గోడకు అంటించారు. ఆ మొదటి ఆట మొత్తానికి ఒకే ఒక్క గోలు పడింది.

దౌర్జన్యాన్ని తిట్టి మాన్పించలేదాయన. దానికి చోటు లేకుండా ఆటనే మార్చారు. నాకు తెలిసిన మంచి ప్రసంగాలు చాలావాటికన్నా ఇది నాకు గొప్పగా కనిపిస్తుంది.

ఆ పద్దెనిమిది మందిలో జపాను యువకుడు ఇషికావా ఉన్నాడు, తరువాత మన దేశానికి వచ్చిన డంకన్ పాటన్ ఉన్నాడు. అదే స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చదివిన హారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల స్థాపించారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే. మన బళ్ళలో డ్రిల్లు మాస్టారు అనే మనిషి వెనుక ఇంత చరిత్ర ఉంది. ఆయన పీరియడ్‌ను లెక్కల మాస్టారు లాక్కోవడం వేరే కథ.

నైస్మిత్ తరువాత డెన్వర్‌లో వైద్యం చదివారు. 1898లో కాన్సాస్ విశ్వవిద్యాలయం ఆయన్ను రెండు పనులకు కలిపి తీసుకుంది: చాపెల్‌లో ప్రార్థనలు నడపడానికి, వ్యాయామం నేర్పడానికి. విద్యార్థుల ఎత్తు, బరువు, బలం కొలిచేవారు. కుస్తీ, కత్తిసాము నేర్పేవారు. తన జట్టు గెలవాలన్న పట్టుదల తక్కువ. శిక్షకుడిగా 55 గెలిచి 60 ఓడారు. ఆట కనిపెట్టినవాడి లెక్క అది! ఆ ఆట మీద డబ్బు చేసుకోవాలనీ ఆయన చూడలేదు.

1930లలో జాన్ మెక్లెండన్ అనే నల్లజాతి యువకుడు ఆ కళాశాలలో వ్యాయామ విద్యలో చేరాడు. విశ్వవిద్యాలయ జట్టులో అతనికి చోటు లేదు. పట్టా కావాలంటే ఈత రావాలి, ఈత కొలనులోకి నల్లవారిని రానివ్వరు. అతను దిగాడు. వెంటనే కొలను నీళ్ళన్నీ వదిలేశారు. బావుల దగ్గర మన తాతలు పడిన అవమానం ఎరిగిన పాఠకులకు దీన్ని వివరించనక్కరలేదు. అతనికి సలహాదారుగా ఉన్న నైస్మిత్ అతని పక్షాన నిలబడ్డారు. చివరికి కొలను అందరికీ తెరుచుకుంది. 1936లో మెక్లెండన్ పట్టా పుచ్చుకున్నాడు. తరువాత టెన్నెసీ స్టేట్ కళాశాల జట్టును 1957 నుంచి వరుసగా మూడేళ్ళు జాతీయ విజేతగా నిలిపాడు.

ఆ 1936లోనే బెర్లిన్ ఒలింపిక్స్‌లో బాస్కెట్‌బాల్ మొదటిసారి చేరింది. అమెరికా శిక్షకులు చందాలు పోగుచేసి వృద్ధుడైన నైస్మిత్‌ను అక్కడికి పంపారు. 1939 నవంబరు 28న, 78వ ఏట, కాన్సాస్‌లోని లారెన్స్‌లో కన్నుమూశారు.

యాభై దాటాక ఆయన గురుపట్టం పొందారు. సైనికుల మధ్య చాప్లిన్‌గా పనిచేశారు, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకూ వెళ్ళారు. అయినా ఆయన తోబుట్టువు ఆనీకి కోపం తీరలేదు. బోధకుడు కావలసినవాడు ఆటల వెంట పోయాడన్నదే ఆమె బాధ. ఎన్నో ఏళ్ళ తరువాత, నన్ను క్షమించావా అని ఆయన అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపి, నాగలి మీద చెయ్యి పెట్టి వెనక్కి తిరిగావని అన్నది.