పేరు అడ్డం పెట్టుకోని కెప్టెన్



ఈ నెల మీ పిల్లలకు మన హైదరాబాద్‌లో పుట్టిన కెప్టెన్ మతీన్ అహ్మద్ అన్సారీ గురించి చెప్పండి. ఆయన బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో రాజ్‌పుత్ రెజిమెంట్ అధికారి. 1941 డిసెంబర్‌లో హాంకాంగ్ జపాన్ వశమైనప్పుడు యుద్ధఖైదీగా చిక్కారు.

ఆయన ఒక సంస్థాన పాలకుడి బంధువని జపాన్ వారికి తెలిసింది. బ్రిటిష్ వారికిచ్చిన మాట వదిలేసి, తోటి భారతీయ ఖైదీల్లో చీలిక తేవాలని ఒత్తిడి చేశారు. ఆయన ఒప్పుకోలేదు. 1942 మేలో స్టాన్లీ జైల్లో పెట్టి, పస్తులుంచి, నడవలేని స్థితికి తెచ్చారు. కోలుకుని క్యాంపుకు తిరిగొచ్చాక కూడా ఖైదీలు తప్పించుకోవడానికి సాయపడ్డారు. 1943 మేలో మళ్ళీ జైలు, మళ్ళీ చిత్రహింసలు. అదే ఏడాది అక్టోబర్‌లో ముప్పై మందికి పైగా ఖైదీలతో పాటు ఆయనకూ మరణశిక్ష అమలు చేశారు. 1946లో ఆయనకు జార్జ్ క్రాస్ ప్రకటించారు.

ఎవరైనా అడిగితే ఫలానా వాళ్ళ అబ్బాయినని చెప్పమని మనం పిల్లలకు నేర్పుతుంటాం. అన్సారీకి ఆ పేరే ప్రాణం నిలబెట్టగలిగేది. ఆయన తోటి సిపాయిల పక్షానే నిలిచారు.

రాత్రి భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి: ఆయన స్థానంలో నువ్వుంటే ఏం చేస్తావని. జవాబు వెంటనే రాకపోయినా ఫర్వాలేదు.